కడుపుతో ఉన్నప్పుడు కల్లు ఎలా మానాలి, ఇంట్లో ఎలా చెప్పాలి

నర్సంపేట వైపు ఒక ఊళ్లో నాట్ల కాలం. సబ్ సెంటర్‌కు వచ్చిన అమ్మాయికి ఐదో నెల. బీపీ చూశాను, బరువు చూశాను, మాతా శిశు కార్డులో గడులు ఒక్కొక్కటే నింపుకుంటూ పోతున్నాను. "మందు అలవాటుందా?" అని అడిగితే ముఖం చిట్లించి, "అదేం మాట మేడం, మా ఇంటా వంటా లేదు" అంది. లేదు అని రాసుకున్నాను. ఆమె లేచేటప్పుడు సద్ది సంచి పక్కకు ఒరిగింది. లోపల స్టీలు టిఫిన్ డబ్బా, దాని పక్కన గడ్డి చుట్టి మూతిలో దూర్చిన బీరు సీసా. సీసాలో తెల్లటి కల్లు, పైన నురగ.

"మరి ఇదేందమ్మా?"

"అది కల్లు మేడం. మందెట్లయితది?"

ఆమె అబద్ధం చెప్పలేదు. తప్పు నా ప్రశ్నలో ఉంది. ఏఎన్ఎంగా 28 ఏళ్లు చేశాను, అందులో సగం ఏళ్లు ఆ తప్పు ప్రశ్నే అడిగాను. ఆ రోజు నుంచి "కల్లు తాగుతావా? వారంలో ఎన్ని రోజులు? ఎన్ని సీసాలు?" అని అడగడం మొదలుపెట్టాను. అప్పుడు గానీ అసలు జవాబులు రాలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో మద్యం తాగేవాళ్లు నూటికి 1.3 మంది. మన తెలంగాణలో 6.7 మంది. మన ఊళ్లలో కల్లు ఒక మర్యాద. చుట్టం వస్తే కల్లు, పండుగకు కల్లు, చావుకు కల్లు, పొద్దంతా వంగి నాట్లేసి వస్తే నడుము నొప్పికి కల్లు. దాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మా నాయనమ్మ తాగేది, మా అమ్మా తాగేది. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలు, ఆ తర్వాత బిడ్డ పాలు తాగే రోజులు ఎలా గడపాలో చెప్పడానికే రాస్తున్నాను.

ముందు లెక్క వేసుకోండి

ఎంత తాగుతున్నారో తెలియకుండా ఏం మానాలో తెలియదు. ఒక కాగితం తీసుకోండి. పోయిన వారం సోమవారం నుంచి ఆదివారం దాకా ఏ రోజు ఏం తాగారో రాయండి. కల్లు, బీరు, గుడుంబా, ఇప్ప సారా, బ్రీజర్, వైన్, అన్నీ రాయండి. పెళ్లిలో ఎవరో ఇచ్చిన అర గ్లాసు కూడా రాయండి. ఈ కాగితం ఎవరికీ చూపించక్కర్లేదు, కాబట్టి అబద్ధం రాయాల్సిన పనీ లేదు.

ఇప్పుడు చిన్న లెక్క. ఎన్ని మిల్లీలీటర్లు తాగారో దాన్ని ఆల్కహాల్ శాతంతో గుణించి, 100తో భాగించి, మళ్లీ 0.79తో గుణిస్తే అందులో ఎన్ని గ్రాముల ఆల్కహాల్ ఉందో వస్తుంది. కల్లులో మామూలుగా 4 నుంచి 6 శాతం ఉంటుంది. మధ్యలో 5 అనుకుందాం. 650 మిల్లీలీటర్ల సీసా నిండా కల్లు అంటే దాదాపు 26 గ్రాములు. మామూలు బీరు సీసా అయినా అంతే. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో 20 గ్రాములు. అంటే ఒక సీసా కల్లు పెగ్గుంబావు విస్కీ కంటే ఎక్కువే. రోజుకొక సీసా తాగే ఆమె వారానికి తొమ్మిది పెగ్గులు తాగినట్టు. ఈ లెక్క చెప్పినప్పుడు నవ్విన ఆడవాళ్లు చాలామందే, కానీ ఆ నవ్వు మొదటి వాక్యం దాకే. స్ట్రాంగ్ బీరైతే సీసాకు 40 గ్రాములు దాటుతుంది. గుడుంబాకు, ఇంట్లో కాచిన ఇప్ప సారాకు ఈ లెక్క కుదరదు, ఎందుకంటే ఏ కుండలో ఎంత ఘాటు దిగిందో కాచినవాళ్లకే తెలియదు.

"తియ్య కల్లు తాగితే ఏం కాదు" అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. చెట్టు మీది నుంచి చుక్క లొట్టిలో పడ్డప్పుడే అందులో ఉండే ఈస్టు పని మొదలుపెడుతుంది. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉందంటే ఇంకా చక్కెర మిగిలుందని అర్థం, ఆల్కహాల్ లేదని కాదు. మధ్యాహ్నానికి ఆ చక్కెరే ఆల్కహాల్ అవుతుంది. పులియకుండా ఉండాలని లొట్టి లోపల సున్నం పూసి, చల్లగా దాచి అమ్మేది నీరా. నీరా వేరు, కల్లు వేరు. అయితే ఊళ్లో ఎవరో గ్లాసులో పోసి "ఇది నీరానే" అంటే ఎప్పుడు దించారో, ఎలా ఉంచారో మీకు తెలియదు. ఈ తొమ్మిది నెలలూ అదీ వద్దు.

లెక్కలోకి రానివి ఇంకొన్ని ఉన్నాయి. దశమూలారిష్టం, ద్రాక్షారిష్టం లాంటి అరిష్టాలన్నీ పులియబెట్టి చేసేవే. సీసా మీద ఆల్కహాల్ శాతం చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, చదవండి. కొన్ని దగ్గు మందుల్లోనూ ఉంటుంది. ఏ టానిక్ అయినా కడుపుతో ఉన్నట్టు చెప్పి, డాక్టర్‌ను అడిగాకే మూత తీయండి.

లోపల ఏం జరుగుతుంది

మీరు తాగిన కల్లు మీ కడుపులో, పేగుల్లో ఇంకి రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం మాయ దగ్గరికి వెళ్తుంది. మాయ చాలా వాటిని ఆపుతుంది గానీ ఆల్కహాల్‌ను ఆపలేదు. అది చాలా చిన్న అణువు, నీళ్లలాగే జారిపోతుంది. కాసేపటికి మీ రక్తంలో ఎంత ఉందో బిడ్డ రక్తంలోనూ దాదాపు అంతే ఉంటుంది. మీకు కాలేయం ఉంది, గంటగంటకూ దాన్ని విరిచేస్తుంది. బిడ్డ కాలేయం ఇంకా తయారవుతోంది, దానికి ఆ పని చేతకాదు. పైగా ఆల్కహాల్ ఉమ్మనీరులోకి చేరి అక్కడే నిలుస్తుంది. ఆ నీటినే బిడ్డ మింగుతుంది. మీ మత్తు దిగాక కూడా బిడ్డ అందులోనే ఈదుతూ ఉంటుంది.

మొదటి మూడు నెలల్లో ముఖం, గుండె, కీళ్లు తయారవుతాయి. ఆ తర్వాత బరువు, ఎత్తు పెరుగుతాయి. మెదడుకు మాత్రం సెలవు లేదు. మొదటి వారాల నుంచి కాన్పు రోజు దాకా అది పెరుగుతూనే ఉంటుంది, మెదడు కణాలు ఒకచోట పుట్టి ఇంకోచోటికి నడిచి వెళ్లి కుదురుకుంటాయి. ఆల్కహాల్ ఆ దారిని చెడగొడుతుంది. అందుకే "మూడో నెల దాటింది కదా, ఇక పర్వాలేదు" అనే మాట చెల్లదు. గర్భం నిలవకపోవడం, నెలలు నిండకుండానే కాన్పు కావడం, కడుపులోనే బిడ్డ పోవడం, తక్కువ బరువుతో పుట్టడం, వీటన్నిటి ప్రమాదమూ తాగుడుతో పెరుగుతుంది.

ఈ సంగతి వైద్యులకు కూడా ఆలస్యంగానే తెలిసింది. 1968లో ఫ్రాన్స్‌లో ఒక డాక్టర్ బృందం, తాగుడు అలవాటున్న తల్లిదండ్రుల పిల్లలు 127 మందిని పరీక్షించి రాస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో ఇద్దరు డాక్టర్లు ఇదే లక్షణాలు చూసి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. కళ్లు చిన్నగా తెరుచుకుని ఉండటం, ముక్కుకీ పెదవికీ మధ్య గాడి లేకుండా చదునుగా ఉండటం, పై పెదవి పలుచగా ఉండటం, తల చిన్నగా ఉండటం ఇందులో కనిపిస్తాయి. 2017లో వచ్చిన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం, గర్భంతో ఉండి తాగిన ప్రతి 67 మందిలో ఒకరికి ఇలాంటి పూర్తి లక్షణాలున్న బిడ్డ పుడుతుంది. ముఖం మామూలుగానే ఉండి, మెదడుకు మాత్రమే దెబ్బ తగిలిన పిల్లలు ఇంతకంటే చాలా ఎక్కువ. వాళ్లు బడికి వెళ్లాకే బయటపడతారు. నిన్న నేర్చుకున్నది ఇవాళ మర్చిపోతారు, లెక్కలు ఎక్కవు, ఒకచోట కూర్చోలేరు, చేసిన తప్పే మళ్లీ చేస్తారు. మనం ఏమో "మొండిది", "గాలి పిల్లగాడు" అంటాం.

ఎంత తాగితే ఇలా అవుతుంది అని అందరూ అడుగుతారు. ఇంత వరకు ఫర్వాలేదు అని చెప్పగల కొలత ఎవరి దగ్గరా లేదు. ఒకరికి ఏం కాకపోవచ్చు, ఇంకొకరికి కావచ్చు. తల్లి తిండి, బరువు, శరీరం తీరు, ఒకేసారి ఎంత తాగింది, ఏ నెలలో తాగింది, అన్నీ కలుస్తాయి. "మా అత్త ఆరుగురిని కన్నది, రోజూ తాగేది, అందరూ మంచిగనే ఉన్నరు" అని మీ ఇంట్లో ఎవరైనా అంటే అది నిజమే కావచ్చు. హెల్మెట్ లేకుండా ముప్పై ఏళ్లు బండి నడిపినవాళ్లూ ఉంటారు.

కల్లులో విటమిన్లు ఉంటాయన్న మాటా పూర్తిగా అబద్ధం కాదు. కానీ వాటి కోసం కల్లే తాగాలా? మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్, ఆ తర్వాత రోజుకొకటి చొప్పున 180 రోజులు ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆశా కార్యకర్త ఇంటికే తెచ్చి ఇస్తుంది. పైసా ఖర్చు లేదు.

తెలియక ముందే తాగేస్తే

ఇదే అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న. దసరాకు తాగింది, దీపావళికి నెల తప్పిందని తెలిసింది. రాత్రంతా నిద్ర లేదు.

ముందు ఒక మాట. ఆ టెన్షన్‌తో ఎవరి మాటో విని గర్భం తీయించుకోవాలని పరుగెత్తకండి. దసరాకు తాగినందుకే బిడ్డ చెడిపోయిందని ఏ పరీక్షా చెప్పదు, ఏ డాక్టరూ చెప్పలేడు. చేయాల్సింది ఈ రోజు నుంచి ఆపడం (రోజూ తాగేవాళ్లు మాత్రం ఒక్కసారిగా కాదు, కింద వాళ్ల కోసం రాసింది చదవండి). మొదటి నెలలో ఆపినా లాభమే, ఏడో నెలలో ఆపినా లాభమే, ఎందుకంటే మెదడు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. రెండోది, పేరు నమోదు చేయించుకునే రోజునే ఎంత తాగారో, ఏ నెలలో తాగారో చెప్పేయండి. మూడోది, 18 నుంచి 20 వారాల మధ్య టిఫా స్కాన్ తప్పకుండా చేయించుకోండి. గుండె, పెదవి, వెన్ను వంటి వాటిని చూస్తారు. ఆల్కహాల్ వల్ల మెదడుకు జరిగిన నష్టం స్కాన్‌లో సాధారణంగా కనిపించదు, కాబట్టి "స్కానింగ్ మంచిగ వచ్చింది, ఇక తాగొచ్చు" అనుకోకండి. ఇలా అనుకున్న ఇద్దరు నాకు తెలుసు.

అప్పుడప్పుడు తాగేవాళ్లు మానడం

వారంలో ఒకటి రెండు సార్లు, పండుగకో పబ్బానికో తాగేవాళ్లకు శరీరం కల్లు అడగదు, చుట్టూ ఉన్నవాళ్లే అడుగుతారు. కాబట్టి తయారు కావాల్సింది వాళ్ల కోసం.

నాట్ల దగ్గర, పత్తి ఏరే దగ్గర సాయంత్రం అందరూ కలిసి తాగుతారు. ఆ టైమ్‌కు చేతిలో వేరే గ్లాసు ఉండాలి. ఖాళీ చేతిలోకి కల్లు గ్లాసు తొందరగా వస్తుంది. సీసాలో పల్చటి మజ్జిగలో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి పట్టుకెళ్లండి. జొన్న అంబలి అయితే కడుపు నిండుతుంది కూడా. చలవ కోసం కల్లు తాగుతాం అనేవాళ్లకు ఎండాకాలంలో అదే చెట్టు తాటి ముంజలు ఇస్తుంది. మా ఊరి గౌడన్న ఒకాయన, ఊళ్లో ఒక అమ్మాయికి కడుపని తెలిసినప్పటి నుంచి వాళ్లింటికి కల్లు ఆపి ముంజలు పంపించాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. కల్లు గీసేవాళ్లే మనకు శత్రువులు అనుకోవాల్సిన పని లేదు, చెబితే వింటారు.

నడుము నొప్పికి, ఒళ్లు నొప్పులకు కల్లు బదులు గోరువెచ్చటి నీళ్లతో కాపడం, పక్కకు తిరిగి కాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోవడం. మెడికల్ షాపుకు వెళ్లి నొప్పి బిళ్ల అడిగి తెచ్చుకోకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫేన్ లాంటివి గర్భిణులకు మంచివి కావు, ముఖ్యంగా ఐదో నెల దాటాక. నొప్పి ఎక్కువైతే ఏఎన్ఎంకు చెప్పండి, ఏ బిళ్ల వేసుకోవచ్చో డాక్టర్‌ను అడిగి చెబుతుంది.

పండుగలు కొంచెం కష్టం. బోనాలకు, ఎల్లమ్మ పండుగకు సాక పోసిన కల్లు ప్రసాదమని చేతిలో పెడతారు. వద్దంటే అమ్మవారికి కోపం అని భయపెడతారు. నేను చెప్పే ఉపాయం: రెండు చేతులా తీసుకుని కళ్లకు అద్దుకుని, మీ ఇంట్లో తాగేవాళ్లకు అందించండి. తీసుకున్నారు, మర్యాద చేశారు, తాగలేదు. ఎవరూ పట్టించుకోరు. మేడారం జాతరకైతే కడుపుతో వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. ఆ జనంలో, ఆ ప్రయాణంలో కల్లు సంగతి తర్వాత, ముందు తొక్కిసలాట భయం. బంగారం, అదే బెల్లం, ఇంట్లో వాళ్లతో పంపించండి. తల్లులు ఏమీ అనుకోరు.

పెళ్లిళ్లలో పొడిచి పొడిచి అడిగేవాళ్లకు పొడుగాటి వివరణ ఇవ్వకండి. "డాక్టర్ వద్దన్నది" అనే రెండు మాటలు చాలు. ఎందుకు, ఏమిటి అని చెప్పడం మొదలుపెడితే వాళ్లూ వాదిస్తారు.

రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపొద్దు

ఈ భాగం నెమ్మదిగా చదవండి. రోజూ తాగే అలవాటు ఉన్నవాళ్లు, పొద్దున లేవగానే చేతులు వణికితే కల్లు పడితే గానీ ఆగనివాళ్లు, ఇంట్లో కూర్చుని ఒక్క రోజులో ఆపేయకూడదు. చివరిసారి తాగిన ఆరేడు గంటల నుంచి చెమటలు, వణుకు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకు లేనివి కనబడటం, ఎవరో పిలుస్తున్నట్టు వినబడటం, తిక్కతిక్కగా మాట్లాడటం రావచ్చు. ఇది తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి తెస్తుంది. దయ్యం పట్టిందని తాయెత్తులు కట్టించే లోపు సగం రోజు పోతుంది.

మన తెలంగాణలో దీనికి ఇంకో చిక్కు ఉంది. చాలాచోట్ల కల్లు దుకాణాల్లో అమ్మేది చెట్టు కల్లు కాదు. నీళ్లు, చక్కెర కలిపి, మత్తు కోసం ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. ఇది ఎక్సైజ్ వాళ్లు పదే పదే పట్టుకున్న విషయమే. ఆ కల్లుకు అలవాటు పడ్డవాళ్లు ఆపితే వచ్చే వణుకు, పిచ్చి చేష్టలు ఆ మత్తు మందు దొరకనందుకు కూడా వస్తాయి. డాక్టర్ మందు ఎంచుకోవాలంటే మీరు తాగింది చెట్టు కింద కల్లా, దుకాణం కల్లా అని తెలియాలి. ఆ మాట మీరే చెప్పాలి.

వెళ్లడం ఎలా? ముందు ఆశాకో ఏఎన్ఎంకో చెప్పండి. వరంగల్‌లో సీకేఎం ప్రసూతి ఆసుపత్రి, ఎంజీఎం పెద్దాసుపత్రి, హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది. గర్భంతో ఉండి మానాలంటే ప్రసూతి డాక్టరూ, మానసిక వైద్యులూ ఇద్దరూ చూడాలి, కొన్ని రోజులు వార్డులో ఉంచాలి. అక్కడ బీ1 విటమిన్ ఇస్తారు, వణుకు రాకుండా కొలత ప్రకారం మందు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు మానడానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఫిట్స్ వస్తే, తెలివి తప్పితే ఆలోచించకుండా 108.

డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు నోరు రాదు, నాకు తెలుసు. కాబట్టి వెళ్లేముందే ఈ వాక్యం కాగితం మీద రాసుకుని వెళ్లి చూపించండి: "నాకు ఇన్నో నెల. ఇన్ని ఏళ్ల నుంచి రోజూ ఇన్ని సీసాల కల్లు తాగుతున్నాను. దుకాణం కల్లు. చివరిసారి ఇన్ని గంటలకు తాగాను. ఆపితే చేతులు వణుకుతున్నాయి." అంతే. చదవడం రాకపోతే ఆశాతో రాయించుకోండి.

ఒకసారి ఒక దవాఖానలో, పేరెందుకు, నేనే పంపిన ఒక ఆమె ఈ మాట చెప్పగానే అక్కడి నర్సు పది మంది ముందు "సిగ్గు లేదా, కడుపుల బిడ్డను పెట్టుకొని తాగుతవా" అని గట్టిగా తిట్టింది. ఆ ఆమె వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది. మళ్లీ ఎనిమిదో నెలలో గానీ ఏ దవాఖాన గడపా తొక్కలేదు. ఆ మధ్య నెలలన్నీ తాగింది. నేను తోడు వెళ్లి ఉండాల్సింది, వెళ్లలేదు. అందుకే చెబుతున్నాను, మొదటిసారి ఒంటరిగా వెళ్లకండి, తోడుగా ఆశాను తీసుకెళ్లండి. ఎవరైనా తిడితే తిట్టనివ్వండి, చీటీ మాత్రం తీసుకునే రండి. మీరు ఆశా కార్యకర్తో నర్సో అయి ఇది చదువుతుంటే, ఆ తిట్టు నోటి దాకా వచ్చినప్పుడు మింగేయండి.

ఇంట్లో ఎలా చెప్పాలి

అత్తమ్మతో వాదన పెట్టుకోవద్దు. "నీకేం తెలుసు" అన్న మాటతో మొదలైతే ఆ రోజుకు మాట అక్కడే తెగిపోతుంది. ఆమెను దవాఖానకు వెంట తీసుకెళ్లండి. కోడలు చెబితే పట్టించుకోని అత్త, డాక్టరమ్మ చెబితే వినడం చాలాసార్లు చూశాను. బయటికొచ్చి ఊళ్లో అందరికీ తానే చెబుతుంది కూడా. ప్రతి నెల 9వ తేదీన సర్కారు దవాఖానల్లో గర్భిణులను డాక్టర్లు ప్రత్యేకంగా చూస్తారు, ఆ రోజు తీసుకెళ్లండి.

భర్తకు చెప్పాల్సింది వేరు. "నువ్వు మానెయ్" అని మొదలుపెట్టకుండా "ఈ తొమ్మిది నెలలు ఇంట్లకు తేకు" అని అడగండి. పెద్ద కోరికకు కాదనేవాడు చిన్న కోరికకు ఒప్పుకుంటాడు. ఇంట్లో సీసా లేకపోతే చెయ్యి పోదు. కొందరు మగవాళ్లు తోడుగా తామూ మానేశారు. అలాంటివాళ్లు చాలామంది ఉన్నారని చెప్పను, ఉన్నారు.

భర్త తాగి కొట్టే ఇల్లయితే సంగతి వేరు. అప్పుడు మీ కల్లు కంటే ముందు మీ ప్రాణం. మహిళా హెల్ప్‌లైన్ 181, రాత్రయినా పగలయినా ఎత్తుతారు. జిల్లాలో సఖి కేంద్రం ఉంటుంది, ఉండటానికి చోటు, కేసు పెట్టడానికి సాయం దొరుకుతాయి. కడుపు మీద దెబ్బ తగిలితే, నొప్పి లేకపోయినా సరే, అదే రోజు చూపించుకోవాలి.

కాన్పు తర్వాత

బాలింతకు కల్లు పోస్తే పాలు పడతాయని మన దగ్గర గట్టి నమ్మకం. నిజానికి ఆల్కహాల్ పాలు దిగే ప్రక్రియను నెమ్మది చేస్తుంది, బిడ్డ తాగే పాలు తగ్గుతాయి. మీ రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉంటే పాలల్లోనూ దాదాపు అంతే ఉంటుంది. పిండి పారబోస్తే పోదు, రక్తంలోంచి పోయినప్పుడే పాలలోంచి పోతుంది. పాలు పడాలంటే బిడ్డను పుట్టిన గంటలోపు రొమ్ముకు పట్టించడం, ముర్రుపాలు పారబోయకపోవడం, రాత్రీ పగలూ అడిగినప్పుడల్లా పట్టడం, తల్లికి కడుపు నిండా అన్నం, నీళ్లు. వేరే మంత్రం లేదు.

ఒకవేళ తాగారనుకోండి. పాలు మాన్పించకండి. ఒక సీసా చెట్టు కల్లుకు కనీసం నాలుగు గంటలు ఆగి పట్టండి, రెండు సీసాలయితే ఎనిమిది గంటలు. ఆ లోపు బిడ్డ ఏడిస్తే ముందే పిండి దాచిన పాలు చెంచాతో పట్టండి. తాగిన రాత్రి బిడ్డను మీ పక్కలో వేసుకుని పడుకోవద్దు. మత్తులో మీద చెయ్యి పడినా, దుప్పటి కప్పినా మీకు తెలియదు. ఇది తండ్రికీ వర్తిస్తుంది, నానమ్మకూ వర్తిస్తుంది.

బిడ్డ పుట్టాక ఏం చూడాలి

గర్భంలో తాగి ఉంటే ఆ సంగతి పిల్లల డాక్టర్‌కు కాన్పు రోజునే చెప్పండి. ఈ ఒక్క మాట కార్డులో రాసి ఉంటే తర్వాత ఎన్నో పరీక్షలు, ఎన్నో అనుమానాలు తప్పుతాయి. బిడ్డ బరువు ఎక్కుతోందా, తల చుట్టుకొలత పెరుగుతోందా అని టీకాలకు వెళ్లినప్పుడల్లా కొలిపించండి. పాలు సరిగా చీకడం లేదా, ఊరికే ఉలిక్కిపడుతోందా, నెలలకు తగ్గట్టు మెడ నిలబెట్టడం, బోర్లా పడటం, కూర్చోవడం జరుగుతున్నాయా అని చూసుకోండి. ఈ లక్షణాలు వేరే కారణాలతో కూడా వస్తాయి, కాబట్టి మీరే పేరు పెట్టేసుకోకండి.

అంగన్‌వాడీకి, బడికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్ల బృందం వస్తుంది. పిల్లలను చూసి, అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతుంది. డీఈఐసీ అంటే అదే. అక్కడ ఫిజియోథెరపీ, మాటలు నేర్పడం, ఆటలతో నేర్పడం ఉచితం. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం. మెదడుకు ఒకసారి తగిలిన దెబ్బను మందుతో తుడిచేయలేం గానీ, మూడేళ్ల లోపు మొదలుపెట్టిన శిక్షణకు, పదేళ్లకు మొదలుపెట్టినదానికి చాలా తేడా ఉంటుంది.

ఆ నాట్ల కాలం అమ్మాయి కూతురు ఇప్పుడు ఐదో తరగతి. తల్లి ఐదో నెలలోనే కల్లు ఆపింది. పిల్లకు లెక్కలు కొంచెం కష్టం, పేర్లు గుర్తుపెట్టుకోవడం ఇంకా కష్టం. కారణం ఆ కల్లేనా అని తల్లి నన్ను రెండుసార్లు అడిగింది, చెప్పలేనన్నాను. భవిత కేంద్రంలో టీచర్ ఎక్కాలను చింతగింజలతో నేర్పిస్తోంది, ఏడో ఎక్కం దాకా వచ్చింది. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు తల్లి సద్ది సంచిలో మళ్లీ అదే బీరు సీసా, అదే గడ్డి మూత. నా ముఖం చూసి, అడక్క ముందే మూత తీసి వాసన చూపించింది. మజ్జిగ.